తిత్తి కుట్టినోళ్ళ పేర్లు ఏ గోడ మీద ఉన్నాయి?

పోయిన వేసవి సెలవుల్లో నేను ఇంగ్లండు పోయి రెండు వారాలు ఉండి వచ్చిన సంగతి మన సంఘం వాళ్ళకు తెలుసు. షెఫీల్డు అనే ఊళ్ళో మా అన్న కూతురు ఎమ్మెస్సీ చదువుతా ఉంది. చదువు అయిపోయేలోగా ఒకసారి వచ్చి చూసిపో చిన్నాయనా అని పట్టుబట్టింది. పీఎఫ్ లోను పెట్టి పోయినాను. తిరిగొచ్చినాక ఆళ్ళగడ్డ బస్టాండు కాడ టీ అంగట్లో కూర్చుంటే అందరూ అడిగేది ఒకటే. లండన్ బ్రిడ్జి చూసినావా సార్? రాజుగారి మేడ చూసినావా సార్? కోహినూరు చూసినావా సార్? ఏదీ చూడలేదప్పా. నేను చూసింది ఒక పాత కొలిమి. "కొలిమి చూసేదానికి అంత దూరం పోవల్లనా, మన కమ్మరాయన అంగడి ముందర నిలబడితే చాలదా" అని నవ్వినారు. ఆ నవ్వినోళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. పత్రికలో చోటు తక్కువని తెలుసు. ఎడిటర్ అన్న కొంచెం ఓర్చుకోవాలి.

షెఫీల్డుకు దక్షిణం పక్క షీఫ్ అనే ఏరు ఉంది. ఏరు అంటే మన కుందూ లెక్క కాదు, కుందూ ముందర అది ఒక వంక. ఆ వంక నీళ్ళను కట్ట కట్టి మడుగు చేసి, అక్కడ నుంచి కాలువ తీసి పెద్ద పెద్ద చక్రాల మీదికి వదిలినారు. ఆ చోటి పేరు అబ్బీడేల్. అక్కడ 18వ శతాబ్దం నుంచి గడ్డి కోసే పొడుగు పిడి కొడవళ్ళు చేసినారు. కార్ఖానా 1933లో మూతపడింది. పడగొట్టి ఇండ్లు కట్టుకోలేదు. బాగు చేయించి 1970లో మ్యూజియం చేసినారు. చక్రాలు, సుత్తులు, సానరాళ్ళు, పనోళ్ళు ఉండిన చిన్న ఇండ్లు, మేనేజరు ఉండిన పెద్ద ఇల్లు, లెక్కలు రాసే గది, అన్నీ అట్లనే పెట్టినారు.

నేను పోయిన దినం చక్రం తిప్పలేదు. అయినా ఎట్ల పని చేసేదో చూస్తే అర్థమైపోతుంది. నీళ్ళు పడితే చక్రం తిరుగుతుంది. చక్రంతో ఇరుసు తిరుగుతుంది. ఇరుసుకు పండ్లున్నాయి. ఆ పండ్లు సుత్తి తోకను కిందికి నొక్కుతాయి, సుత్తి తల పైకి లేస్తుంది. పన్ను జారిపోతూనే తల దబ్బున పడుతుంది. ఇట్లా గుక్క తిప్పుకోకుండా కొడతానే ఉంటుంది. రెండు ఇనుప పలకల మధ్యన ఉక్కు పలక పెట్టి కాల్చి ఆ సుత్తి కింద అతికిస్తారు. అదే కొడవలి పదును. మన కమ్మరి కొడవలికి ఉక్కు పెట్టేది కూడా ఈ పద్ధతే గదా. తేడా ఏమంటే మన దగ్గర ఎదురు సమ్మెట కొట్టేది మనిషి. చాలా ఇండ్లలో ఆయన భార్య. అక్కడ నీళ్ళు. పొయ్యికి గాలి కొట్టేది కూడా నీళ్ళే.

మన దగ్గర గాలి కొట్టేది ఏది? తిత్తి. తిత్తి ఏంది? తోలు. తోలు ఎవరిది? ఇక్కడే నా కాళ్ళు ఆగిపోయినాయి. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

పక్క గదిలో ఉక్కు కరిగించే కొలిమి ఉంది. 1740ల నాడు బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల ఆయన షెఫీల్డు దగ్గర పట్టుకున్న పద్ధతి అది. గడియారం స్ప్రింగుకు మంచి ఉక్కు దొరక్క ఆయన తిప్పలు పడినాడు. మట్టి మూసలో ఇనుప ముక్కలు వేసి, మూత పెట్టి, నేలలో గుంత లాంటి పొయ్యిలో దించి, గంటల తరబడి కాల్చి, ఉక్కును నీళ్ళ మాదిరి చేసి పోసేవాళ్ళు. ఆ మూసలు చేసే మట్టిని ఎట్ల పిసికేవాళ్ళో తెలుసునా? చెప్పులు లేని కాళ్ళతో, గంటలు గంటలు తొక్కేవాళ్ళు. రాయి రప్ప ఉంటే కాలికి తగులుతుందని. చిన్న రాయి మిగిలినా మూస పగిలి ఉక్కంతా పొయ్యి పాలు. ఇంక కాలుతున్న మూసను పట్టకారుతో పైకి లాగే మనిషి ఉంటాడు. వాడు కాళ్ళకు, నడుముకు తడి గోనెపట్టాలు చుట్టుకుని గుంత మీద కాళ్ళు బార్లా పెట్టి నిలబడాల. పట్టాలు పొగలు కక్కుతాయి. చదువుతుంటే మా అన్న కూతురు నా మొహం చూస్తా ఉంది. "ఏం చిన్నాయనా, లంద గుర్తొచ్చిందా?" అనింది. అవును తల్లీ.

సానరాళ్ళ గది సంగతి కూడా చెప్పల్ల. చక్రానికి పెద్ద పెద్ద రాళ్ళు తగిలించి, వాటి ముందర చెక్క పీట మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని కొడవళ్ళకు సాన పట్టేవాళ్ళు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చునేది. 1845లో ఎంగెల్స్ తన పుస్తకంలో షెఫీల్డు సాన పనోళ్ళ లెక్క రాసినాడు. పొడి రాయి మీద పని చేసేవాడు 35 ఏండ్లు బతకడం కష్టం, తడి రాయి మీద చేసేవాడు 45 దాటడం అరుదు. అదే ఊళ్ళో పనోళ్ళు సంఘాలు పెట్టుకున్నారు, కొట్లాడినారు, 1860లలో తుపాకి మందు దాకా పోయినారు. సర్కారు విచారణ కమిషన్ వేసింది. 1871లో కార్మిక సంఘాలకు చట్టం వచ్చింది. కాబట్టి ఇంగ్లండోళ్ళు దేవతలు, మనోళ్ళు దయ్యాలు అని నేను చెప్పడం లేదు. షెఫీల్డు పారలు, కత్తులు కరీబియన్ చెరకు తోటల్లో నల్ల బానిసల చేతుల్లోకి కూడా పోయినాయి. తెల్ల పనోడి ఊపిరి, నల్ల బానిస వీపు, రెండూ ఆ ఇనుములో ఉన్నాయి.

అయితే ఒక మాట. ఆ సానరాయి ముందర కూర్చుని చచ్చిపోయినోడి మునిమనవడు ఇయ్యాల ఆ రాయి ముందర కూర్చోవాలని ఆ ఊళ్ళో ఏ శాస్త్రమూ చెప్పదు. వాడు డాక్టరో, డ్రైవరో అయినాడు. ఆదివారం పిల్లల్ని తీసుకుని వచ్చి "మా తాత ఇక్కడ పని చేసినాడు" అని చూపిస్తాడు. సిగ్గు లేకుండా, తల ఎత్తుకుని చూపిస్తాడు. మనం అట్లా చూపించగలమా? నేను చూపించలేదు. నా సంగతి చెప్తా వినండి.

మా జేజినాయన కపిల తొండాలు కుట్టేవాడు, కొలిమి తిత్తులు కుట్టేవాడు. కపిల అంటే ఇప్పటి పిల్లకాయలకు తెలియదు. కరెంటు మోటార్లు రాకముందు బావి నీళ్ళు తోడేది తోలు కపిలతోనే. రాయలసీమలో బావి కింద పండిన ప్రతి గింజా మాదిగ కుట్టిన తోలులోంచి పారిన నీళ్ళతో పండింది. ఆ తోలులో నీళ్ళు వస్తే వరిమడికి మైల లేదు. చెరకుతోటకు మైల లేదు. రెడ్డిగారి తమలపాకు తోటకు మైల లేదు. దేవుడికి పెట్టే తాంబూలానికీ లేదు. అది కుట్టినోడు ఆ బావిలో చెంబు ముంచితే మాత్రం బావికి మైల! ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పండితుడు ఈ జిల్లాలో ఎవరైనా ఉంటే రమ్మనండి, నేను బడికి సెలవు పెట్టి వస్తాను.

మా నాయన కాలానికి కపిలలు పోయినాయి. చెప్పులు, వార్లు, కమ్మరాయన తిత్తికి మాట్లు మిగిలినాయి. మా అమ్మ తంగేడు చెక్క కొట్టుకొచ్చేది. లందలో తోలు నానబెట్టేదానికి ఆ చెక్కే మందు. ఆ వాసన మా గుడ్డల్లో, పుస్తకాల్లో ఉండేది. బడిలో నా పక్కన కూర్చోమంటే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. నేను ఇంటర్లో ఉండంగనే నాయన లంద పూడ్చేసినాడు. "నువ్వు ఇది ముట్టుకోవద్దు నాయనా, నాతోనే పోనీ" అన్నాడు. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు పెండ్లి కుదిరింది. ఆడపిల్ల వాళ్ళు ఇల్లు చూసేదానికి వస్తున్నారని, మూలన ఉన్న నాయన రంపె, రెండు ఆరెలు, గూటం, ఒక సగం కుట్టిన తిత్తి, అన్నీ సంచిలో వేసి పాత సామాన్లోడికి ఇచ్చేసినాను. వాడు ఉల్లిగడ్డలు ఇచ్చినాడు. నాయన అరుగు మీద కూర్చుని చూసినాడు, ఏమీ అనలేదు. షెఫీల్డులో అద్దాల పెట్టెలో దీపం వేసి పెట్టిన ఒక తోలు ముక్క ముందర నేను ఎందుకు అంతసేపు నిలబడినానో మా అన్న కూతురికి చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తే చదువుతుంది.

సరే, ఇనుము సంగతికి వద్దాం. హంట్స్‌మన్‌కు ఎన్నో వందల ఏండ్ల ముందే మూసలో ఉక్కు కరిగించిన వాళ్ళు మనోళ్ళు. ఇది వాట్సాపు గొప్పలు కాదు, నిజం. ఇంగ్లీషోళ్ళు 'ఊట్జ్' అని పిలిచిన ఉక్కు మన తెలుగు, కన్నడ 'ఉక్కు' మాటలోంచి వచ్చిందే. తెలంగాణలో నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఈ ఉక్కు తయారవుతుంటే పర్షియా వర్తకులు వచ్చి కూర్చుని, దగ్గరుండి చేయించుకుని కొనుక్కుపోయేవాళ్ళు. 1820 ప్రాంతంలో సర్వేలో పని చేసిన వాయిసీ అనే ఆయన కండ్లారా చూసి రాసినాడు, ఆయన చనిపోయినాక 1832లో అచ్చయింది. అరబ్బు కత్తులకు, డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చింది ఈ జాతి ఉక్కే. 1795లో లండన్ రాయల్ సొసైటీలో పియర్సన్ అనే ఆయన దీని మీద పరీక్షలు చేసి చదివినాడు. మైకేల్ ఫారడే పేరు మన తొమ్మిదో తరగతి పిల్లకు కూడా తెలుసు, కరెంటు ఆయన. ఆయన కరెంటు పనికి ముందర ఈ ఉక్కు గుట్టు పట్టాలని స్టోడార్ట్ అనే కత్తుల ఆయనతో కలిసి కొన్నేండ్లు తంటాలు పడినాడు. ఆ మిశ్రమ ఉక్కును షెఫీల్డులోనే పోత పోయించినారు. ఇంకొక మాట. ఫారడే వాళ్ళ నాయన కమ్మరి. కమ్మరి కొడుకు ఆ దేశంలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పెద్ద శాస్త్రవేత్త అయినాడు. అదే కాలంలో కోనసముద్రం మూసల ముందర చెమట కార్చినోడి కొడుకుకు ఇక్కడ పలక చేతికి ఇచ్చినోడు ఎవడు?

ఆ పని ఎట్లా చేసేవాళ్ళో కొంచెం చెప్పుకుందాం, మన పిల్లలకు చెప్పేదానికి పనికొస్తుంది. ముందు ఇనుపరాయి. దాన్ని ఏరాల, దంచాల, కడగాల. తర్వాత బొగ్గు. అడవిలో కట్టె కొట్టి, మట్టి కప్పి, మూడు నాలుగు దినాలు కాపలా ఉండి కాల్చాల. మట్టితో కట్టిన నిలువు కొలిమిలో బొగ్గు ఒక వరస, రాయి ఒక వరస. కింద నుంచి తోలు తిత్తులతో గాలి. ఆ గాలి పూటంతా ఆగకూడదు. ఆగితే కొలిమి చల్లబడి అంతా వ్యర్థం. చివర్న కొలిమి పగలగొడితే నురుగు మాదిరి ఇనుప ముద్ద వస్తుంది. దాన్ని సమ్మెటలతో కొట్టి మడ్డి తీయాల. ఆ మడ్డే చిట్టెం. మా పక్క నల్లమల అంచు పొలాల్లో దున్నేటప్పుడు నల్లగా, బరువుగా, బొక్కలు పడిన గడ్డలు తగులుతాయి. మా జేజి వాటిని చూపించి చిట్టెం అనేది. ఉక్కు కావాలంటే ఇంకా పని ఉంది. ఊక కలిపిన మట్టితో మూస చేసి, ఇనుప ముక్కలు వేసి, దాంట్లో ఇంత కట్టె, ఇన్ని ఆకులు వేసి, మూతి మూసి కాల్చాల. ఏ కట్టె, ఏ ఆకు? సేలం పక్క చూసినోళ్ళు రాసిపెట్టినారు. తంగేడు కట్టె, జిల్లేడు ఆకు.

తంగేడు! మా అమ్మ మోసిన తంగేడు. దాని చెక్క లందలో తోలును గట్టిపరిచింది, దాని కట్టె మూసలో ఇనుమును ఉక్కు చేసింది. ఈ రెండు పనుల్నీ ఒక చోట పెట్టి చెప్పిన పాఠ్యపుస్తకం నేను ఇరవై ఏండ్లకు పైగా పాఠాలు చెప్తున్నా ఇంతవరకు చూడలేదు. పుస్తకాల్లో "ప్రాచీన భారతీయుల లోహ విజ్ఞానం" అని ఉంటుంది. ఢిల్లీ ఇనుప స్తంభం బొమ్మ ఉంటుంది. భారతీయులంటే ఎవరు? రాయి ఏరింది భారతీయుడా? తిత్తి కుట్టింది భారతీయుడా? పని చేసేటప్పుడు వాడు మాదిగ, వాడు కమ్మరి, వాడు అడవిలో బొగ్గు కాల్చే చెంచో యానాదో. పేరు వచ్చేటప్పుడు మాత్రం ప్రాచీన భారతీయుడు! ఇదే బ్రాహ్మణీయం చేసే గారడీ. చేతిని నరికి పక్కన పడేసి, ఆ చేయి చేసిన వస్తువును తన పూజగదిలో పెట్టుకుంటుంది.

కమ్మరి అన్నలకు కూడా ఒక మాట చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. మీ సుత్తి లేకపోతే నాగలి లేదు, ఊరు లేదు. మీకు కూడా ఊరు పెట్టింది కల్లం కాడ మేరే, కుర్చీ కాదు. కానీ మీ కొలిమికి ఊపిరి మా తోలు. తిత్తి తెచ్చిన మా జేజినాయనను మీ అంగడి గడప బయటే నిలబెట్టినారు గదా. జంధ్యం వేసుకుంటే బాపనోళ్ళతో సమానం అవుతామని కొందరు అనుకున్నారు. అయినారా? శ్రమ చేసే కులాలు ఒకదాని నెత్తి మీద ఒకటి కూర్చున్నంత కాలం పైన కూర్చున్నోడికి ఏ కష్టమూ లేదు. కులం అంటే పనిని పంచుకోవడం కాదు, పని చేసే మనుషులను మెట్లు మెట్లుగా విడగొట్టడం అని బాబాసాహెబ్ 1936లోనే కులనిర్మూలన పుస్తకంలో తేల్చి చెప్పినాడు.

ఇప్పుడు నీళ్ళ చక్రం దగ్గరికి. మన దేశంలో నీళ్ళతో చక్రం తిప్పే తెలివి లేదా? ఉంది. ఔరంగాబాదులో పన్‌చక్కి ఉంది, దర్గాకు వచ్చే ఫకీర్లకు, యాత్రికులకు పిండి విసిరింది, 18వ శతాబ్దానిది. హిమాలయాల్లో ఊరూరా నీటి తిరగళ్ళు ఉన్నాయి. మరి కొలిమికి ఎందుకు కట్టలేదు? చదువుకున్న మిత్రుడు ఒకాయన అన్నాడు, "మన ఏర్లు ఎండాకాలం ఎండిపోతాయి గదా సార్, చక్రం ఎట్ల తిరుగుతుంది" అని. కొంత నిజమే. కుందూ సంగతి నాకు తెలియనిదా. కానీ మహానందిలో కోనేటి నీళ్ళు ఏడాది పొడుగునా పారుతాయి. చుట్టూ అరటి తోటలు పండిస్తాయి. వందల ఏండ్లుగా ఆ నీళ్ళ పక్కన మంత్రం చదివినోళ్ళున్నారు, దక్షిణ తీసుకున్నోళ్ళున్నారు. ఈ నీళ్ళతో తిత్తి ఊదే మనిషి రెక్కలకు ఒక పూట విశ్రాంతి ఇద్దాం అని ఒక్కడైనా అనుకున్నాడా? ఎందుకు అనుకుంటాడు? తిత్తి ఊదేదానికి పుట్టుకతోనే మనిషి దొరుకుతున్నాడు. వాడికి జీతం లేదు, కల్లం ఊడ్చినాక మేర గింజలు ఉన్నాయి. వాడు పారిపోడు, వాడి కొడుకూ పారిపోడు. చక్రం కట్టాలంటే ఖర్చు. కులం ఉండగా చక్రం ఎందుకు? ఏర్లు ఎండిపోవడం కంటే ఇదే పెద్ద కారణమని నా తలకాయ చెప్తోంది. కాదనేవాళ్ళు రాయండి, ఈ పత్రికలోనే జవాబు చెప్తాను.

నీళ్ళ మీద ఇంకో ముక్క. నంద్యాల మీదుగా పోయే కేసీ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. కంపెనీ నష్టపోతే 1882లో సర్కారు కొనింది. తవ్వింది ఎవరి పారలు, మోసింది ఎవరి తట్టలు? ఆ కాలువ కింద ఎకరా పొలం ఉన్న దళితుల ఇండ్లు మీ మీ ఊర్లలో ఎన్నో మీరే లెక్క పెట్టండి. 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగినందుకు బాబాసాహెబ్ మనుషులను కొట్టినారు. 1985లో కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ కాడ గేదెల్ని కడగొద్దన్నందుకే గదా గొడవ మొదలైంది, ఆరుగుర్ని నరికింది. మనకు నీళ్ళంటే ఇది. చక్రం తిరిగేదాకా ఎక్కడ వస్తాం!

తెల్లోడి పాపం కూడా చెప్పకుండా వదలను. రైళ్ళు, ఓడలు వచ్చినాక చవక ఇనుము ఇంగ్లండు నుంచి దిగింది. 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చి అడవులకు హద్దురాళ్ళు వేసినారు. బొగ్గు కాల్చడం నేరమైపోయింది. కొలిమి చల్లారింది. ఇక్కడ చల్లారుతుంటే షెఫీల్డులో పొగగొట్టాలు లేచినాయి. ఆఖరికి కోనసముద్రం చుట్టుపక్కల చిట్టెం కుప్పలను లెక్క పెట్టేదానికి కూడా 2010 దాకా పట్టింది. తెలంగాణకే చెందిన జైకిషన్ గారు, ఇంగ్లండు నుంచి ఒకామె, బెంగుళూరు నుంచి ఒకామె కలిసి ఊరూరా తిరిగి వందల చోట్ల పాత కొలిముల గుర్తులు రాసుకున్నారు. మంచి పని.

కొత్త ఇనుము సంగతి ఏమంటే, మన పక్కన జమ్మలమడుగు తావున ఇనుము ఇంకా కరగలేదు గానీ పునాదిరాళ్ళు మాత్రం బాగా మొలిచినాయి. 2007లో ఒకటి, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఒకటి. వాటిని వరసగా నిలబెడితే అదే ఒక మ్యూజియం. విశాఖ ఉక్కులో రిజర్వేషను మీద మన పిల్లలు కొందరు ఉద్యోగాలు చేసినారు, క్వార్టర్లలో ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఇంజనీర్లు అయినారు. దాన్ని అమ్మేస్తామని 2021 జనవరిలో ఢిల్లీ నిర్ణయించింది. ప్రైవేటోడికి పోతే రిజర్వేషను పోతుంది. మన చేతికి మంచి కొలిమి దొరికింది ఒకటే, అది కూడా లాక్కుంటామంటున్నారు.

ఒక పక్క అది లాక్కుంటూ ఇంకో పక్క ఏమిస్తున్నారు? 2023 సెప్టెంబరులో విశ్వకర్మ పథకం అని తెచ్చినారు. 18 చేతివృత్తులు. కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, చెప్పులు కుట్టేవాడు. పనిముట్లకు 15 వేలు, మొదట లక్ష అప్పు, తర్వాత రెండు లక్షలు, 5 శాతం వడ్డీ. అప్పు తీసుకునే అన్నను నేను తప్పు పట్టను, ఇంట్లో పొయ్యి వెలగాల గదా. కానీ ఆ కాగితాల్లో "కుటుంబ పరంపరగా వచ్చే వృత్తి" అనే మాట ఉంది చూడండి, అక్కడ ఆగండి. చెప్పులు కుట్టే బడి పెట్టి ఏ కులం పిల్లోడైనా రావచ్చు అంటే నేనే నా కొడుకును పంపిస్తాను. పరంపర అంటే మాత్రం నాకు 1953 గుర్తొస్తుంది. ఆ ఏడు మద్రాసు రాష్ట్రంలో రాజాజీ పల్లె బడుల్లో పిల్లలకు పూట చదువు, మిగతా పూట తండ్రి కులవృత్తి అన్నాడు. మన కర్నూలు జిల్లా అక్టోబరు 1 దాకా ఆ రాష్ట్రంలోనే ఉంది. పెరియార్ వాళ్ళు వీధుల్లోకి వచ్చి తరిమితే మరుసటేడు అది పోయింది. పోకపోయి ఉంటే మా నాయన లంద పూడ్చేవాడు కాదు, నేను మీకు ఈ కాగితం రాసేవాణ్ణి కాదు. తమిళనాడు ఈ విశ్వకర్మ పథకాన్ని కూడా 2024లో ఇట్లాగైతే అమలు చేయమని చెప్పేసింది. మన దగ్గర ఒక్క నోరు లేవలేదు.

మన సంఘంలో కుర్రోళ్ళు కొందరు అంటారు, "సార్, ఆ రంపె, ఆరె మన బానిసత్వం గుర్తులు, వాటిని కాల్చి పారేయాల, మళ్ళీ మ్యూజియం ఏంది" అని. వాళ్ళ కోపం నాకు తెలుసు. నేను కాల్చలేదు, ఉల్లిగడ్డలకు ఇచ్చేసినాను, అంతే తేడా. డప్పును కూడా ఒకప్పుడు ఇట్లాగే పారేయమన్నాం. 1994 నుంచి దండోరాలో అదే డప్పు మెడలో వేసుకుని రాజధాని దాకా పోయినాం గదా. శవం ముందర కొట్టమని ఊరు చెప్తే కొట్టడం వేరు, మన సభలో మనం కొట్టడం వేరు. రంపె కూడా అంతే. అది అద్దాల పెట్టెలో ఉండాల, పిల్లోడి చేతిలో కంప్యూటర్ ఉండాల. ఇప్పుడు జరిగేది తిరగమరగగా ఉంది. చరిత్ర పుస్తకంలో రంపె లేదు, పిల్లోడి చేతికి మాత్రం అప్పు మీద రంపె ఇస్తున్నారు.

ఆళ్ళగడ్డ శిల్పుల పేరు దేశమంతా తెలుసు. మంచిదే. ఆ రాతిని చెక్కే ఉలి మొన మొండిపోతే కొలిమిలో పెట్టి మళ్ళీ పదును పట్టాల. విగ్రహం గుడిలోకి పోతుంది, పూజలు అందుకుంటుంది. ఉలికి పదును పెట్టినోడు, ఆ కొలిమికి తిత్తి కుట్టినోడు ఆ గుడి గడప ఎప్పుడు తొక్కినారో అహోబిలం చుట్టుపక్కల ముసలోళ్ళను అడగండి, చెప్తారు.

మేం నంద్యాలలో చిన్న పని మొదలుపెట్టినాం. సర్కారు మ్యూజియం కడుతుందని కూర్చోలేదు. సంఘం ఆఫీసు ముందర గదిలో రెండు బీరువాలు పెట్టినాం. ఇప్పటికి ఒక రంపె, మూడు ఆరెలు, చినిగిపోయిన కపిల తొండం ముక్క, ఒక మేకతోలు తిత్తి వచ్చినాయి. తిత్తి తెచ్చిచ్చింది ఒక కమ్మరి అన్న. గడప బయట నిలబడబోతే చేయి పట్టి లోపలికి పిలిచినాం. చిట్టెం గడ్డలు మా బడి పిల్లలు ఏరుకొచ్చినారు. ఊరు ఊరుకూ మన కార్యకర్తలు ముసలోళ్ళ దగ్గర కూర్చోండి. వస్తువు తెచ్చేటప్పుడు దాంతో పని చేసిన మనిషి పేరు, ఇంటి పేరు, ఊరి పేరు రాయించండి. ఆడవాళ్ళ పేర్లు మర్చిపోవద్దు, చెక్క మోసింది, లందకు నీళ్ళు మోసింది వాళ్ళే. ఎవరి బావికి కపిల కుట్టినారో, ఆ బావిలో వాళ్ళను నీళ్ళు ముట్టనిచ్చినారో లేదో రాయించండి. ఏడాదికి ఎన్ని శేర్లు మేర ఇచ్చినారో రాయించండి. ఇయ్యకుంటే ఇయ్యలేదని రాయించండి.